మా సగం

పేరో తాత రెండే పుంజులు తెచ్చాడు. తేవలసినవి నాలుగు.

నవంబరులో వచ్చే సెయింట్ మార్టిన్ పండుగనాటి పొద్దున సర్రబేర్ దొర వాకిట్లో ఇరవై రెండు పాలికాపు కుటుంబాలు వరసకట్టి నిలబడ్డాయి. ఇంటికి నాలుగేసి పుంజులు. విత్తు కొట్టి, మొక్కజొన్న పెట్టి, ఏడాదంతా మేపినవి. కాళ్ళు కట్టేసి తలకిందులుగా వేలాడదీసుకుని పట్టుకొచ్చారు. తోటలో పండిన ద్రాక్షలో సగం దొరది, సగం దున్నినవాడిది. అది ఒప్పందం. ఈ పుంజులు, పండగ గుడ్లు, ఏడాదికి నలభై రోజుల వెట్టి, దొరసాని దుప్పట్లు ఉతకడం, ఇవేవీ ఒప్పందంలో లేవు. తాతల నాటి నుంచి ఇస్తున్నారు కాబట్టి ఇస్తున్నారు.

"మిగతా రెండూ ఏవిరా?" అన్నాడు గుమాస్తా కజో.

"మేపేవాళ్ళు లేరు బాబూ. మా అబ్బాయిలిద్దరూ వెర్డన్ మట్టిలో ఉన్నారు. మీకు తెలీనిదా?"

"వాళ్ళంటే దేశం కోసం పోయారు. పుంజులు కూడా దేశం కోసమే పోయాయా?"

వరసలో ఎవరో నవ్వారు. భయం ఎక్కువైనప్పుడు గొంతులోంచి జారిపోయే నవ్వు. యుద్ధం ముగిసి ఆ రోజుకి సరిగ్గా ఏడాది. చనిపోయినవాళ్ళ కోసం చర్చిలో గంటలు మోగి గంటైనా కాలేదు.

పేరో తాత ఏదో అనబోయాడు. కజో చేతిలో ఇనుప పొన్ను వేసిన కర్ర ఉంది. అది లేచింది. మొదటి దెబ్బ చెవి మీద పడింది. రెండోది మోచేతి మీద. ముసలాయన మోకాళ్ళ మీద కూలి, పుంజులు మాత్రం వదలకుండా గుండెకి హత్తుకున్నాడు. మూడో దెబ్బకి చెవి తెగి మెడ మీద వేలాడింది. జక్మెత్ అవ్వ మొగుడి మీద పడి అడ్డుకుంది. నాలుగోది ఆమె వీపున పడింది.

"సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యండి. కొత్త పాలికాపు బండి బయల్దేరింది," అన్నాడు కజో. పాలికాపుల్ని మార్చేది ఏటా ఆ రోజునే. అడ్డు చెప్పడానికి లేదు.

తర్వాతి వంతు నోయెలీది.

ముప్పై నాలుగేళ్ళ మనిషి. మొగుడు అర్నో సోమ్ నది దగ్గర చచ్చిపోయి మూడేళ్ళు దాటింది. లోపల ఏదో ఉడుకుతోందని ఆమెకి తెలుసు. నాలుక కాలుతోందనీ తెలుసు. కానీ ఆమె చెయ్యి ఆమెను అడగలేదు. దానంతటది ముందుకి చాచుకుంది. కజో పుంజుల రొమ్ములు నొక్కి చూశాడు. అతని వేళ్ళ మీద ఇంకా ముసలాయన నెత్తురుంది. తెల్లటి ఈకల మీద ఎర్రటి ముద్రలు పడ్డాయి.

"నోయెలీ పుంజులంటే పుంజులు. చూసి నేర్చుకోండ్రా!"

ఒక్క క్షణం, కన్ను మూసి తెరిచేంత సేపు, నోయెలీకి సంతోషం వేసింది.

దెబ్బలు మరిచిపోవచ్చు. నెత్తురు కడుక్కోవచ్చు. ఆ సంతోషాన్ని ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. వాకిలి దాటి పొలాల్లోకి వచ్చాక కడుపులోది కక్కుకుంది. అయినా అది బయటికి రాలేదు.

ఆ సాయంత్రం పేరో తాతనీ జక్మెత్ అవ్వనీ తన ఇంటికే తీసుకుపోయింది.

*

ఆ నేలలో పండే ద్రాక్షతో వచ్చే వైన్ పల్చన, పులుపు. తాగడానికి పెద్దగా పనికిరాదు. కానీ రాగి బట్టీలో కాచి, ఓక్ పీపాల్లో ఏళ్ళకేళ్ళు పడుకోబెడితే, పారిస్ షావుకార్లు ఎగబడి కొనే సారా అవుతుంది. మందులేవీ కలపని వైన్ అది. చలి ఉన్నంతకాలమే నిలుస్తుంది. మార్చిలో గాలి వేడెక్కగానే విరిగిపోతుంది. అందుకని చలికాలమంతా బట్టీ కింద మంట ఆరకూడదు.

బట్టీ దరిదాపులకి ఆడది వస్తే సారా చెడుతుందని పెద్దలు నమ్మేవారు. యుద్ధం ఆ నమ్మకాన్ని కూడా పట్టుకుపోయింది. మగవాళ్ళు లేరు. బట్టీ కాచే నోయెలీ మామకి చూపు పోయింది. "కళ్ళతో పనేముందే? చెవి పెట్టు. రాగి మాట్లాడుతుంది," అని కోడలికి నేర్పి పోయాడు. వైన్ పైనుంచి గొట్టంలో దిగుతుంటే రాగి పొట్టలో ఒక గొణుగుడు ఉంటుంది. గొణుగుడు సన్నబడితే మంట ఎక్కువైనట్టు. మందగిస్తే కట్టె కావాలన్నట్టు. నాలుగు చలికాలాలు ఆ గొణుగుడు వింటూ గడిపింది నోయెలీ. మొగుడు చచ్చిన ఉత్తరం కూడా ఆ మంట ముందే విప్పింది. చదివి, మడిచి, రెండు కట్టెలు వేసింది.

ఒకసారి దొర స్వయంగా వచ్చి చిన్న గ్లాసులో పోసుకుని వాసన చూశాడు. "నీ మామ కన్నా నీ చెయ్యి మెత్తన," అన్నాడు. ఆ మాటని ఆమె ఎవరికీ చెప్పలేదు. పిల్లలు దొంగిలించిన పంచదార ముక్కని గుప్పిట్లో దాచుకున్నట్టు దాచుకుంది. ఇప్పుడు గుప్పిట విప్పితే అందులో కనిపించేది పేరో తాత చెవి.

డిసెంబర్ మొదటి వారంలో బట్టీ వెలిగించింది. ఆ ఆదివారం ఊరంతా గోదా దగ్గర పోగైంది. వేసవిలో ఆవుల్ని ఉసిగొల్పి, అవి కొమ్ములు దించి వస్తే పక్కకి గెంతి తప్పించుకునే ఆట ఆడే గోదా అది. చుట్టూ చెక్క బల్లలు, మధ్యలో ఇసుక. పిలిచింది జెర్మేన్. యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకుని, ఆస్పత్రిలో ఫ్యాక్టరీ కార్మికుల పక్కన ఎనిమిది నెలలు పడుకుని వచ్చాడు. అర్నోకి స్నేహితుడు.

"మూడే మాటలు," అన్నాడు జెర్మేన్. "పుంజులు ఇవ్వం. వెట్టి చెయ్యం. పేరో తాత ఇల్లు పేరో తాతదే. అంతవరకూ దొర వాకిట్లో గడ్డిపరక కూడా ఎత్తం."

"మరి బట్టీ?" అన్నాడు బతిస్త్. పెద్ద సంసారి. ఏడుగురు పిల్లలు. "ఒరే చేయిలేనోడా, ఆ పీపాల్లో సగం వైన్ మనదేరా! కాచకపోతే మార్చికల్లా దొరది విరుగుద్ది, మనదీ విరుగుద్ది. దొర పారిస్‌లో ఇల్లమ్ముకుని తింటాడు. నేనేం అమ్మాలి? మా ఆవిడనా?"

"ఆవిణ్ణెవడు కొంటాడ్రా!" అని ఎవరో అరిచారు. బల్లలన్నీ నవ్వాయి. బతిస్త్ పెళ్ళాం కూడా నవ్వింది.

"నవ్వండి, నవ్వండి. అసలు ఆపాల్సిన మనిషిని అడిగారా? అదిగో, అక్కడ కూచుంది. దొర మెచ్చిన చెయ్యి! దొర బట్టీ పక్కనే పడకేసుకునే మనిషి!"

నోయెలీ లేచింది. ఆడవాళ్ళు బల్లల మీద కూచుని చూడటమే గానీ ఇసుకలోకి దిగరు. ఆమె దిగింది. అడుగు తీసి అడుగు వేస్తుంటే, కొమ్ములు దించిన ఆవు ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. అది ఎవరిదో కాదు, తనలోదే.

"అవును, మెచ్చాడు," అంది. "దొర మెచ్చాడు. కజో కూడా మెచ్చాడు. తాత నెత్తురు అంటిన వేళ్ళతో నా పుంజుల్ని నొక్కి మెచ్చాడు. నేనేం చేశానో తెలుసా? మురిశాను."

ఆమె బల్లల వైపు తిరిగి ఒక్కో మొహాన్నీ చూసింది.

"మురిశాను. ఇంటికెళ్తూ దారిలో కక్కుకున్నాను. నేనొక్కదాన్నేనా? బతిస్త్, నీ పుంజుల్లో ఒకటి బక్కగా ఉందని వాడు వెనక్కి తోసినప్పుడు నీ మొహం ఎందుకు వాడిపోయింది? ఆ రోజు నా వెనక ఇరవై ఇళ్ళవాళ్ళున్నారు. చెయ్యి చాచనివాళ్ళు ఒక్కరుంటే చెప్పండి. వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను."

జెర్మేన్ మిగిలిన కుడిచేతిని పైకెత్తాడు. "నాకు చాచడానికి ఒకటే ఉంది వదినా. అదీ చాచాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. బతిస్త్ టోపీ తీసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "ఎన్నాళ్ళాపాలి?" అని మాత్రం అడిగాడు.

ఆ సాయంత్రమే నోయెలీ బట్టీ కింద నిప్పులు లాగేసింది. రాగి చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. గొణుగుడు ఆగిపోయేదాకా అక్కడే కూచుంది. ఆగిపోయాక తన చెవులు తనవి కావనిపించింది.

*

దొర తొందరపడలేదు. జనవరిలో ఒకరోజు గుర్రం మీద గోదా దాకా వచ్చాడు.

"మీ సగం నా గిడ్డంగిలోనే ఉంది," అన్నాడు మెత్తగా. "నేను ముట్టుకోలేదు. ముట్టుకోను. అది విరిగిపోతుంటే మీరే ఎదురుగా కూచుని వాసన చూడొచ్చు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఇళ్ళల్లో మొక్కజొన్న జావ నీళ్ళయింది. ఆడవాళ్ళు అర్ధరొట్టె కోసం తిట్టుకున్నారు. కొత్త పాలికాపు కుటుంబం ఊరి మొహం చూడలేక తిరిగి వెళ్ళిపోయింది గానీ, పేరో తాత ఇంటికి కజో తాళం వేయించాడు. బతిస్త్ ఒకరోజు గిడ్డంగి గోడకి ముక్కు ఆనించి వాసన చూస్తూ నోయెలీకి దొరికాడు. పట్టుబడిన కుర్రాడిలా సిగ్గుపడ్డాడు. ఆమె వచ్చి అతని పక్కనే నిలబడింది. తనూ అందుకే వచ్చింది.

అక్కడ నిలబడినప్పుడే ఆమెకి ఒక సంగతి అర్థమైంది. దొర తమని కాపలా కాయడానికి పోలీసుల్ని పెట్టనక్కర్లేదు. ఆ సగమే కాపలా. మన సగం అనుకుంటున్నది మన మెడకి కట్టిన పలుపు. కానీ ఆ మాట ఎలా అనాలో తెలియక ఊరుకుంది.

ఫిబ్రవరి మూడో వారంలో దొర పట్నం నుంచి ఒక బట్టీవాణ్ణి దింపాడు. వాడి వెంట ఎనిమిది మంది గుర్రపు పోలీసులు వచ్చారు. పొద్దున తొమ్మిదింటికి బట్టీ పొగగొట్టం నుంచి పొగ లేచింది.

డప్పు మోగింది. ఇరవై రెండు ఇళ్ళ నుంచీ జనం వచ్చారు. పక్క ఎస్టేట్ల నుంచీ వచ్చారు. మొత్తం నాలుగు వందల మంది ఉంటారు. కత్తిరింపు కత్తులు, పారలు, తోటల్లో పాతే కర్రలు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే విడివిడిగా వరసలు కట్టారు. పోలీసు అధికారి ఏదో చదవబోయాడు. కాగితం విప్పేలోగా రాయి తగిలి అతని పళ్ళు ఊడాయి. పోలీసులు కత్తులు దూశారు. ఒక గుర్రం బతిస్త్ పెద్దకూతుర్ని తొక్కుకుంటూ పోయింది. తండ్రి ఆ గుర్రం కళ్ళెం పట్టి, పోలీసుని కాలుపట్టి లాగి కిందపడేసి, వాడి మొహాన్ని రాళ్ళకేసి మోదాడు. ఒకసారి, రెండుసార్లు, ఎవరో వెనక్కి లాగేదాకా. జెర్మేన్ ఎడమ భుజం మీద కత్తి పడింది. "ఆ చేతికి కాదురా, అది ముందే పోయింది!" అని నెత్తురు ఓడుతూనే అరిచాడు. పావుగంటలో పోలీసులు రోడ్డు మీదకి తగ్గి, మరింతమందిని తేవడానికి పట్నం వైపు పరిగెత్తారు. పట్నం బట్టీవాడు పెరటి దారిన పారిపోయాడు.

కజో మాత్రం బట్టీ గదిలో దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

"కజో! నా ఇంటి తాళంచెవి ఇచ్చెయ్యి బాబూ. అంతే, ఇంకేం వద్దు," అంటూ పేరో తాత తలుపు వైపు నడిచాడు. చేతిలో కర్ర కూడా లేదు. కిటికీలోంచి తుపాకీ పేలింది. ముసలాయన కూర్చున్నట్టుగా కూలబడి, తర్వాత పక్కకి ఒరిగాడు.

అప్పుడు లేచిన అరుపు నాలుగు వందల గొంతులదని తర్వాత చెప్పుకున్నారు. నోయెలీకి మాత్రం తన పొట్టలోంచి వచ్చినట్టే అనిపించింది. జనం తలుపు మీద పడ్డారు. నలుగురు పడుచువాళ్ళు గోడెక్కి, పైనుంచి బట్టీలోకి వైన్ దింపే గొట్టాన్ని గొడ్డలితో నరికేశారు. "ఇక కాచుకోండ్రా సారా!" అని కేకలేశారు. వైన్ ఆగితే సారా ఆగుతుందనుకున్నారు. కింద మంట అలాగే ఉంది.

నోయెలీ విన్నది. రాగి గొణుగుడు సన్నబడింది. ఇంకా సన్నబడింది. దాహంతో చచ్చే మనిషి గొంతులా అయింది.

"వెనక్కి జరగండి! పొట్ట ఎండిపోతోంది! పేలుద్ది!"

"పేలనీ! ఆ కుక్కతో సహా పేలనీ!"

"వాడితో పాటు మీరూ పోతారు! తలుపు దగ్గర ముప్పై మంది ఉన్నారు!"

"ఇంకా దొర బట్టీ మీద ప్రేమ చావలేదే నీకు!" అంది ఒక ఆడగొంతు.

ప్రేమ చావలేదు. నిజమే. ఆ మాట గుచ్చుకుంది. బట్టీ కోసం వెళ్తున్నానా, మనుషుల కోసం వెళ్తున్నానా? తేల్చుకునే వ్యవధి లేదు. తేలకుండానే ఆమె, గదిలోకి కట్టెలు దించే గోడ కంతలోంచి లోపలికి దూరింది.

లోపల వేడి మొహం మీద కొట్టింది. ఇనుప కడ్డీ అందుకుని మంటలోకి తోసి నిప్పులు బయటికి లాగింది. కజో మూలనుంచి లేచాడు.

"ఆర్పుతావే లంజా! దొర బట్టీ ఆర్పుతావా!"

తుపాకీ మడమ ఆమె వీపున పడింది. ఆమె ఆగలేదు. ఇంకో పోగు నిప్పులు లాగింది. రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది. లోపల ఏదో విరిగింది. "వెధవా, నువ్వే చస్తావు!" అంది. వాడికి వినపడలేదు. పాతికేళ్ళుగా దొర ఇంట్లో బతికినవాడికి రాగి మాట వినడం రాదు. మడమ మూడోసారి లేచింది. అప్పుడామె వెనక్కి తిరిగి, ఎర్రగా కాలిన కడ్డీని ఉన్న బలమంతా పెట్టి వాడి మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు, మాంసం కాలిన వాసన ఒక్కసారే వచ్చాయి. వాడు నేలమీద పొర్లాడుతుంటే ఆమె ఆఖరి నిప్పులు లాగేసింది. రాగి ఒక అతుకు దగ్గర బుస్సుమని నోరు తెరిచి ఆవిరి కక్కి ఊరుకుంది.

గడియ తీసింది. జనం లోపలికి వచ్చి, ఎండిన రాగిని చూశారు. అతుకు దగ్గర వేలెడు చీలిక చూశారు. కజోని జుట్టుపట్టి బయటికి ఈడ్చి, చంపకుండా బండి చక్రానికి కట్టేశారు. చంపొద్దని చెప్పింది జక్మెత్ అవ్వ. "కోర్టులో వాడి నోటితోనే చెప్పించాలి. చచ్చినోడు ఏం చెబుతాడు?" అని, మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

గిడ్డంగి తలుపులు బద్దలయ్యాయి. లోపల జంటలు జంటలుగా పీపాలు. ప్రతి జంటలో ఒకటి దొరది, ఒకటి పాలికాపుది. మూత మీద ఇంటి గుర్తు కాల్చి ఉంటుంది.

"అన్నీ పగలగొట్టండి!" అన్నాడు జెర్మేన్.

"ఆగు," అంది నోయెలీ. గోడని పట్టుకుని నిలబడింది. "మనవే తెరుద్దాం. మన సగమే."

"పిచ్చెక్కిందా?" అన్నాడు బతిస్త్. "కొడితే వాడివి కొట్టాలి గానీ!"

"వాడివి కొడితే వాడికి నష్టపరిహారం వస్తుంది. మనకి దొంగలన్న పేరొస్తుంది. బతిస్త్, నువ్వు గోడకి ముక్కు ఆనించావు. నేనూ ఆనించాను. ఎందుకు? ఇది ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మనం ఆనిస్తూనే ఉంటాం. ఏదో ఒకరోజు మనమే వచ్చి మంట వేస్తాం. వాడు దానికోసమే కాచుక్కూచున్నాడు. ఇది లేకపోతే వాడి చేతిలో ఏముంది?"

బతిస్త్ తన పీపా ముందు నిలబడ్డాడు. ఏడుగురు పిల్లలు. పెద్దకూతురు విరిగిన కాలితో వాకిట్లో పడుకుని ఉంది. పీపా మీద, ఎద్దు వీపు నిమిరినట్టు, ఒకసారి చెయ్యి వేశాడు. బిరడా మీద సుత్తి వేసింది మొదట అతనే.

తర్వాత ఒక్కొక్క ఇల్లూ ముందుకి వచ్చింది. పేరో తాత పీపాని జక్మెత్ అవ్వ తెరిచింది. లేత పసుపు రంగు వైన్ గడప దాటి, వాకిట్లో పారి, ముసలాయన నెత్తుటిని కలుపుకుని రోడ్డు కాలవలోకి పోయింది. మధ్యాహ్నానికి యాభై మంది పోలీసులతో దొర వచ్చేసరికి పాలికాపుల పీపాలన్నీ ఖాళీ. జనం గోడల వెంట ఊరికే నిలబడి ఉన్నారు.

దొర పరుగున గిడ్డంగిలోకి వెళ్ళాడు. తన పీపాల మీద వేళ్ళతో కొట్టి చూశాడు. నిండుగా మోగాయి. బయటికి వచ్చినప్పుడు అతని మొహంలో ఊరట ఉంది.

"నావి ముట్టుకోలేదు," అన్నాడు, నమ్మలేనట్టు.

"ముట్టుకోం దొరా," అంది నోయెలీ. అప్పటికే ఆమె చేతులకి బేడీలు వేశారు. "ఇంకెప్పుడూ ముట్టుకోం. మీ సగం మీరే కాచుకోండి."

దొర బట్టీ గది వైపు చూశాడు. గోడల వెంట ఉన్న చేతుల వైపు చూశాడు. ఎనిమిది వందల చేతుల్లో ఒక్కటి తక్కువ. అన్నీ ఖాళీగా కిందికి వేలాడుతున్నాయి. ఊరట ఎక్కడ మొదలైందో అక్కడినుంచే అతని మొహం జారిపోవడం మొదలైంది.

నోయెలీని బండిలో పట్నానికి తీసుకుపోయారు. విరిగిన పక్కటెముక ప్రతి గుంతకీ పొడిచింది. కొండ మలుపు దగ్గర లోయంతా కనిపిస్తుంది. ఆ కాలంలో అక్కడినుంచి చూస్తే ఏడు ఎస్టేట్ల బట్టీ పొగలు లేస్తూ ఉండాలి. సర్రబేర్ వారిది పోగా ఆరు. ఆమె వెతికింది. మూడే ఉన్నాయి.

"ఏం చూస్తున్నావ్?" అన్నాడు కాపలా పోలీసు.

మూడింటిలో ఒకటి, నది పక్కది, నల్లగా లేస్తున్నది కాస్తా పల్చబడింది. తెల్లబడింది. గాలికి తెగిపోయింది. నీళ్ళు పోసి ఆర్పితే పొగ అలా పోదు. ఎవరిదో పని తెలిసిన చెయ్యి, తొందరపడకుండా, కడ్డీ పెట్టి నిప్పులు లాగింది.

నోయెలీ మిగిలిన రెండింటి వైపు తిరిగి కూచుంది.